ఊ కొట్టిన ఆరేళ్ళు

ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి మా ఆఫీసులో మీటింగు. కువైట్ సిటీలోని మిర్కాబ్‌లో ఒక పాత భవనం, ఆరో అంతస్తు, పొడుగాటి బల్ల. బల్లకి ఇరువైపులా ఎనిమిది మంది కొరియావాళ్ళు, చివరి కుర్చీలో విజయవాడ నుంచి వచ్చిన ప్లానింగ్ ఇంజనీరుని నేను. జహ్రా దాటాక కడుతున్న ఒక నీళ్ళ పంపింగ్ స్టేషన్ మా ప్రాజెక్టు. ఏ పని ఏ వారంలో మొదలుపెట్టాలో, ఎప్పటికి పూర్తి కావాలో చూసుకుని చార్టు తయారుచేయడం నా ఉద్యోగం. మీటింగు నలభై నిమిషాలూ కొరియా భాషలోనే సాగేది. అంతా అయ్యాక మా మేనేజరు నావైపు తిరిగి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పేవాడు. కాంక్రీటు తొందరగా పోయాలి, చార్టు మార్చు. అంతే. నలభై నిమిషాలు వాళ్ళు పడిన ఆవేశం, విడిచిన నిట్టూర్పులు, మధ్యలో ఒకాయన బల్లని వేలితో పొడుస్తూ చెప్పింది, ఇదంతా ఆ రెండు ముక్కల్లో ఎక్కడ ఇమిడిపోయిందో నాకు బోధపడేది కాదు.

బోధపడలేదని మాత్రం ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.

దానికి మా బడి కొంత బాధ్యత వహించాలి. లెక్కల మాస్టారు బోర్డు నిండా రాసి, చేతులు దులుపుకుని, "అర్థమైందా?" అంటే అరవై గొంతులు ఒక్కసారిగా "అయ్యిందండీ" అనేవి. ఒక రోజు ఒక్కడు, ఒకే ఒక్కడు, లేచి నిలబడి కాలేదండీ అన్నాడు. ఆ పీరియడ్ అయ్యేదాకా వాడు అలా నిలబడే ఉన్నాడు. మిగతా యాభై తొమ్మిది మందిమి ఆ రోజు నేర్చుకున్న పాఠం లెక్కలు కాదు. నేను బాగా చదివేవాడిని కాబట్టి ఆ పాఠం మరీ బాగా ఒంటబట్టింది.

మిగతా బాధ్యత మా అమ్మమ్మది. వేసవి మధ్యాహ్నాలు ఆవిడ కథ చెప్పేది. వినేవాళ్ళు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది, అది ఆవిడ చట్టం. మా పిల్లలందరిలోకీ ఊ కొట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఎక్కడ పొట్టి ఊ వేయాలో, ఎక్కడ సాగదీయాలో, రాజుగారు అడవిలో తప్పిపోయినప్పుడు ఊ చివర చిన్న ప్రశ్న ఎలా తగిలించాలో నాకు కొట్టిన పిండి. సగం నిద్రలో ఉండి కూడా తాళం తప్పేవాడిని కాదు.

ఈ విద్య కువైట్‌లో, అదీ కొరియావాళ్ళ దగ్గర, అక్కరకు వస్తుందని ఎవరనుకుంటారు? ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే గమనించాను. వాళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చిన్నవాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం మర్యాద కాదు. మాట సగంలో ఒకసారి, చివర ఒకసారి 'నే, నే' అంటూ ఉండాలి. వింటున్నాను, చెప్పండి అని దాని భావం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మన ఊ కొట్టడమే కదా! వాళ్ళు ఒకరినొకరు పేర్లతో కాక హోదాలతో పిలుచుకుంటారు, మేనేజరుని బుజాంగ్‌నిమ్ అంటారు. ఆ పిలుపూ, 'నే, నే' అనడమూ రెండు వారాల్లో పట్టేశాను. భాష రాకపోయినా స్వరం పట్టుకుంటే ఎక్కడ ఊ పడాలో ఇట్టే తెలిసిపోతుంది. ఎవరైనా గొంతు తగ్గిస్తే నేను కొంచెం ముందుకు వంగేవాడిని. నవ్వితే నవ్వేవాడిని, కాకపోతే అర సెకను ఆలస్యంగా.

ఊ కొట్టడంతో ఆగితే బాగుండేది. నాకు వాళ్ళ మాటలు చదవడం కూడా వచ్చేసిందన్న భ్రమ మొదలైంది. బుజాంగ్‌నిమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెడితే ఎవరికో మూడినట్టు. పెన్ను మూత పెట్టేస్తే ఆ విషయం అయిపోయినట్టు. మాటల మధ్య దొర్లే ఇంగ్లీషు ముక్కలూ, ఊళ్ళ పేర్లూ నా చిన్న పుస్తకంలో రాసుకునేవాడిని. డిలే, కన్సల్టెంట్, జహ్రా, మళ్ళీ డిలే. వాటిని దండలా గుచ్చితే కథంతా వచ్చేసేది. నిజం కథ కాకపోవచ్చు గానీ వినడానికి బాగుండేది.

ఆ కథ వినే శ్రోత కూడా ఒకాయన దొరికాడు. మా కంపెనీ డ్రైవరు. జగిత్యాల దగ్గరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, కువైట్‌లో ఇరవై ఏళ్ళుగా బండి తోలుతున్నాడు. మీటింగు అవ్వగానే నన్ను సైటుకి తీసుకెళ్ళేది ఆయనే. బండి మిర్కాబ్ దాటకముందే "ఇయ్యాల లోపట ఏమనుకున్నరు సార్?" అని మొదలుపెట్టేవాడు. నేను వాళ్ళేదో స్వయంగా నా చెవిలో చెప్పినట్టు చెప్పేవాడిని. ఆయన దాన్ని సైటులో దింపేవాడు. పనివాళ్ళుండే మా క్యాంపులో నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలవాళ్ళు చాలామంది ఉన్నారు. సారుకు కొరియా మాట వస్తదట అన్న పేరు అలా పుట్టింది. ఖండించాలని నాకు తోచలేదు. ఆ పేరు నాకు బాగా నచ్చింది, అదీ నిజం.

మీటింగు లేని రోజుల్లో నేరుగా సైటుకే వెళ్ళేవాళ్ళం, అక్కడ పొద్దున పని మొదలయ్యే ముందు కొరియా పద్ధతిలో వ్యాయామం ఉండేది. స్పీకరులో ఒక హుషారైన పాట పెట్టేవారు. హెల్మెట్లు పెట్టుకుని మూడొందల మందిమి బారులు తీరి, చేతులు పైకెత్తి, నడుము వంచి, మెడ తిప్పేవాళ్ళం. ఎలా చేయాలో చెప్పే గొంతు కొరియా భాషలో ఉండేది కాబట్టి ముందున్నవాడిని చూసి చేయడమే. ముందున్నవాడు వాడి ముందున్నవాడిని చూసి చేసేవాడు. మా డ్రైవరు బండి దిగి వరసలో నిలబడి, బడిల పీటీ సారు తర్వాత మల్ల వీళ్ళే మనల్ని ఎగిరిచ్చింది అనేవాడు. ఇసుక మీద ఎండ అప్పుడప్పుడే ఎక్కుతుండేది. అంతమంది పెద్దవాళ్ళు ఒకేసారి ఒంటికాలి మీద నిలబడితే నాకు నవ్వు ఆగేది కాదు. నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగంలో నేను చాలా సంతోషంగా ఉన్నాను.

నా జోస్యాలు కొన్ని ఫలించాయి. రెండు రంజాన్‌లు పనివేళలు ఎలా మారతాయో ముందే చెప్పాను. ఒకటి మాత్రం ఘోరంగా బెడిసింది. ఒక సోమవారం మీటింగులో వఫ్రా అన్న మాట ఆరుసార్లు వినబడింది. బుజాంగ్‌నిమ్ కళ్ళద్దాలు తీశాడు. ఇద్దరు వాదించుకున్నారు. వఫ్రా అంటే దక్షిణాన సౌదీ సరిహద్దు దగ్గర పొలాలు, బస్సు కూడా సరిగ్గా పోని చోటు. క్యాంపుని అక్కడికి మారుస్తున్నారని తేల్చేశాను. డ్రైవరు ముఖం పాలిపోయింది. సాయంత్రానికి మావాళ్ళు సగం మంది పెట్టెలు సర్దుకున్నారు. రెండు రోజులైనా ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు నేను గంభీరంగా, మన గురించి ఆలోచించి నిర్ణయం మార్చుకున్నారు అని చెప్పాను. క్యాంపులో నాకు టీ ఇచ్చి కృతజ్ఞతలు చెప్పారు. సిగ్గు లేకుండా తాగాను.

పోయిన ఏడాది మొదట్లో క్లయింటు ఆఫీసులో ఒక పెద్ద మీటింగు జరిగింది. అది ఇంగ్లీషులో. కువైటీ ఇంజనీరు వేగంగా మాట్లాడతాడు, ఆయన పక్కన కూర్చునే ఈజిప్టు కన్సల్టెంటు ఇంకా వేగంగా మాట్లాడతాడు. ప్రాజెక్టు రెండు నెలలు ముందుగా అప్పగించగలరా అని అడిగారు. నా చార్టు ప్రకారం అది అయ్యే పని కాదు. బుజాంగ్‌నిమ్ ఒక్క క్షణం ఆగి, నావైపు చూసి, వాళ్ళవైపు తిరిగి యస్ అనేశాడు. నాకు కళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాటకి రెండు నెలలు అందరం శుక్రవారాలు కూడా పనిచేశాం. క్యాంపులో ఆయన్ని తిట్టుకోనివాడు లేడు, అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది నేను. అలా తల ఎలా ఊపి వస్తాడండీ ఆ పెద్దమనిషి అని మా ఆవిడ కూడా ఆశ్చర్యపోయింది.

ఏమైతేనేం, పడుతూ లేస్తూ ప్రాజెక్టు పూర్తయింది. పూర్తయితే మాకు వచ్చే కష్టం వేరే. పని అయిపోయిందంటే ఉద్యోగమూ అయిపోయినట్టే, దానితోపాటు ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతీ. కొరియావాళ్ళు కాక ఆఫీసులో పదకొండు మందిమి ఉన్నాం. తర్వాతి ప్రాజెక్టు కోసం మిర్కాబ్ ఆఫీసులో ఒక్కరినే ఉంచుతారని చెప్పారు. మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి పరీక్షలు రాస్తోంది. నా ఇఖామా పోతే ఇంట్లో ఇద్దరి వీసాలూ, అంటే మా ఆవిడదీ అమ్మాయిదీ, దానితోపాటే పోతాయి. పన్నెండో తరగతికి ఏ ఊళ్ళో ఏ బడి వెతకాలి? ఈ కంపెనీలో చేరకముందు నుంచీ మేం ఇక్కడే, అమ్మాయి పుట్టింది కువైట్‌లోనే. స్నేహితురాళ్ళు, టీచర్లు, శుక్రవారం సముద్రం ఒడ్డున నడక, దాని ప్రపంచమంతా ఇక్కడే. ఇంకొక్క ఏడాది, ఆ ఒక్క ఏడాది ఇక్కడ ఉండగలిగితే చాలని ముగ్గురం అనుకుంటున్నాం. ఆ ఒక్క కుర్చీ నాకు కావాలి.

ఒక ఆదివారం బుజాంగ్‌నిమ్ నన్ను గదిలోకి పిలిచాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. ఎన్నడూ లేనిది నవ్వుతూ కూర్చోమన్నాడు. ఆ ఉద్యోగానికి నా పేరే సిఫారసు చేస్తున్నానని చెప్పాడు. నాకు గాల్లో తేలినట్టయింది. కారణం కూడా చెప్పాడు. మిగతావాళ్ళు మంచి పనివాళ్ళే గానీ కొరియావాళ్ళ మాట అర్థం చేసుకునేది నేనొక్కడినేనట. మాట్లాడటానికి సిగ్గుపడతాను గానీ నాకు అంతా తెలుసునని ఆయన ఎప్పుడో కనిపెట్టాడట. పై వారం బుధవారం సియోల్ నుంచి డైరెక్టరు వస్తున్నాడు, ముగ్గురం కలిసి భోంచేస్తాం, ఆయనకి ఇంగ్లీషు విని విని విసుగు, నువ్వు కొరియా భాషలోనే ధైర్యంగా మాట్లాడు అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం, "నే, బుజాంగ్‌నిమ్."

ఇంటికి వెళ్ళి చెప్తే మా ఆవిడ మొదట సంతోషపడింది. తర్వాత నెమ్మదిగా అనుమానం వచ్చినట్టుంది. "మీకు కొరియా భాష ఎప్పుడొచ్చిందండీ?" అంది. రాలేదన్నాను. మరి ఆరేళ్ళుగా ఆ మీటింగుల్లో ఏం చేస్తున్నారు అంది. ఊ కొడుతున్నానన్నాను. ఇంట్లో నేను చెప్పేదానికి కొట్టినట్టేనా అని ఇంకో ప్రశ్న వేసింది. మా అమ్మాయి నవ్వీ నవ్వీ సోఫాలోంచి కిందికి జారింది.

నవ్వాక అదే పూనుకుని నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్లో కొరియా సీరియళ్ళు చూసి చూసి దానికి ఆ భాష కొంత వచ్చు. పది రోజుల్లో నన్ను తయారుచేస్తానంది. దానికి తెలిసిన కొరియా భాషంతా సీరియళ్ళలోది. ఎందుకు నన్ను వదిలి వెళ్ళిపోయావు అని అడగడం వచ్చు, వర్షంలో తడవకు అని చెప్పడం వచ్చు. పైపులైను పరీక్ష ఎప్పుడు చేస్తారో చెప్పడం దానికీ రాదు. అయినా ఇద్దరం పట్టు వదల్లేదు. నేను నేర్చుకుంటున్న కొద్దీ నాకు ఎంత రాదో తెలుస్తూ వచ్చింది. అయిదో రోజుకి, నాన్నా, వాళ్ళకి రాదని చెప్పేయొచ్చు కదా అని మెల్లగా అంది. నేను కసురుకున్నాను. నీకేం తెలుసు, నోరు మూసుకుని చెప్పింది చెప్పు అన్నాను. నోరు మూసుకుని ఎలా చెప్పమంటారని మా ఆవిడ వంటింట్లోంచి అంది. నాకు నవ్వు రాలేదు, భయంగా ఉంది.

మర్నాడు సాయంత్రం అది ఫిజిక్సు లెక్క ఒకటి తెచ్చింది. చెప్పాను. "అర్థం కాలేదు నాన్నా, మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. కొంచెం ఆలోచించి, ఊహూ, ఇంకా కాలేదు అంది. కాయితం నావైపు జరిపి, ఇదిగో ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ పోయింది అని వేలు పెట్టి చూపించింది. దాని ముఖంలో సిగ్గు లేదు, బెదురు లేదు. నేను మూడోసారి చెప్పాను. ఆ మూడోసారి చెప్తున్నప్పుడు తెలిసింది, రెండోసారి నేనే ఒక మెట్టు తప్పు చెప్పానని. ఆ అమ్మాయిని నేనే పెంచానా అని ఆశ్చర్యంగా ఉండిపోయాను. అసూయగా కూడా ఉంది. నలభై ఏడేళ్ళకి నాకు చేతకానిది దానికి మంచినీళ్ళు తాగినంత తేలిక.

సోమవారం మీటింగు అయ్యాక బుజాంగ్‌నిమ్, నేను ఒకే బండిలో సైటుకి బయల్దేరాం. డ్రైవరు తన మామూలు ప్రశ్న వేయకుండా మర్యాదగా ముందు చూస్తున్నాడు. ఊరు దాటాక, జహ్రా రోడ్డు ఎక్కాక, చెప్పేశాను. నాకు కొరియా భాష రాదు సార్ అన్నాను ఇంగ్లీషులో.

ఆయన కొంచెం కూడానా అన్నాడు.

జీరో అన్నాను.

ఆరేళ్ళూనా అన్నాడు. ఆరేళ్ళూ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అయిపోయింది, ఖలాస్ అనుకున్నాను. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు. తెల్లటి ఎండ, కరెంటు స్తంభాలు, ఒక చోట ఒంటెలు. జహ్రా ఇళ్ళు కనబడటం మొదలయ్యాక నావైపు తిరిగి, తన పొడిపొడి ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు.

"క్లయింటు మీటింగులో నేను కూడా అంతే."

మొదట నాకు ఎక్కలేదు. అలవాటుగా ఊ కొట్టబోయి, ఆపుకుని, అర్థం కాలేదు సార్ అన్నాను. చూశారా, ఒకసారి నోరు తిరిగితే రెండోసారి ఎంత తేలికో. ఆయన విడమరిచి చెప్పాడు. ఆ కువైటీ ఇంజనీరు ఇంగ్లీషూ, ఈజిప్టు ఆయన ఇంగ్లీషూ తనకి సగం కూడా అందదట. కాయితం మీద రాస్తే చదవగలడట, మాట్లాడితే వినలేడట. పెద్ద మేనేజరు అయ్యుండి మళ్ళీ చెప్పండి అని ఎలా అడుగుతాడు? అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా తల వంక చూసేవాడట. నా తల అవునంటే యస్, కాదంటే నో.

కానీ ఒక ఇబ్బంది ఉందన్నాడు. ఇదిగో, నీ తల ఇలా తిరుగుతుంది అని తన తల అటూ ఇటూ వాల్చి చూపించాడు. అచ్చం మన తల ఊపుడే, చూద్దాంలే, ఏమంటారో ఏమో అన్నప్పుడు మనం ఊపేది. ఇది అవునా, కాదా? ఆరేళ్ళుగా నాకు తెలియడం లేదు అన్నాడు.

రెండు నెలలు ముందుగా అప్పగించగలరా అని అడిగిన రోజు గుర్తొచ్చింది. యస్ అనే ముందు ఆయన నావైపే చూశాడు. నేను అప్పుడు, ఇదెక్కడ అయ్యే పని అన్న అర్థంలో తల అలాగే ఊపి ఉంటాను. అంటే క్యాంపు మొత్తం రెండు నెలలు శుక్రవారాలు పనిచేసింది నా మెడ వల్ల! ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం లేని నవ్వు, కళ్ళల్లో నీళ్ళు. ఆ ఇస్త్రీ చొక్కా మనిషి సీటులో ముడుచుకుపోయి నవ్వుతుంటే నాకూ ఆగలేదు. ముందు సీటులో డ్రైవరు భుజాలు ఎగురుతున్నాయి. ఇరవై ఏళ్ళుగా వినివిని ఆయనకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, మాట్లాడడు అంతే.

నవ్వు తగ్గాక ధైర్యం వచ్చి వఫ్రా సంగతి అడిగాను. ఫలానా మీటింగులో ఆరుసార్లు వఫ్రా అన్నారు, కళ్ళద్దాలు తీశారు, ఇద్దరు గొడవపడ్డారు, ఎందుకు? ఆయన గుర్తు తెచ్చుకుని, క్యాబేజీ అన్నాడు. వాళ్ళ కిమ్చీకి కావలసిన పొడుగు క్యాబేజీ వఫ్రాలో ఎవరో గ్రీన్‌హౌసులో పండిస్తున్నారట. అది మంచిదా, దుకాణంలో దొరికే చైనా క్యాబేజీ మంచిదా అని వాదన. అసలు మీటింగులో మొదటి పావుగంట ఎప్పుడూ తిండి గురించేనట. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళం కదా అన్నాడు, సంజాయిషీ ఇస్తున్నట్టు.

డ్రైవరు ఇక ఉండబట్టలేక అద్దంలోంచి నన్ను చూశాడు. "సార్, గా క్యాబేజీ కోసమా మావోళ్ళు రొండు దినాలు పెట్టెలు గట్టుకొని కూసున్నది?" అన్నాడు. నేను సీటులో కిందికి జారిపోయాను. తర్వాత క్యాంపుకి వెళ్ళి, తాగిన టీకంతా క్షమాపణ చెప్పుకున్నాను. వాళ్ళు నన్ను ఏడిపించిన తీరు ఇక్కడ రాయను.

సైటు గేటు దగ్గర దిగేటప్పుడు బుజాంగ్‌నిమ్ ముఖం మళ్ళీ మామూలుగా మారింది. నీకు భాష వచ్చని డైరెక్టరుకి రాశాను, అది తప్పని ఇప్పుడు చెప్పాలి అన్నాడు. చెప్పండి సార్ అన్నాను. ఆ మాట అనగలిగినందుకు తేలికగా ఉంది, కుర్చీ పోయినట్టేనని దిగులుగానూ ఉంది. ఇంట్లో చెప్తే మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. అమ్మాయి, ఫర్వాలేదు నాన్నా అంది. ఫర్వా ఉందని నాకు తెలుసు, దాని గొంతులో వినబడింది. బుధవారం వెళ్ళకుండా ఉండిపోదామా అని కూడా అనిపించింది.

వెళ్ళాను. భోజనం ఆఫీసులోనే, ఆ పొడుగాటి బల్ల మీదే పెట్టారు. డైరెక్టరు బుజాంగ్‌నిమ్ కంటే చిన్నవాడు, బక్కపలచటి మనిషి, చూపు మాత్రం సూటిగా ఉంది. నన్ను చూసి కొరియా భాషలో ఏదో పలకరించాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడు బుజాంగ్‌నిమ్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ పక్కలకి ఆనించి, తల కొంచెం వంచి, కొరియా భాషలో మాట్లాడటం మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. గొంతు ఒకచోట తడబడింది. నా ఉద్యోగం, మా అమ్మాయి చదువు, అంతా ఆ మాటల్లోనే ఉందని నాకు తెలుసు. ఒక్క ముక్క తెలియడం లేదు. గొంతు తగ్గినచోట ఊ గొంతులోకి దానంతట అదే వచ్చింది. మింగేశాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆ బల్ల దగ్గర నేను మౌనంగా కూర్చున్నాను.

ఆయన కూర్చున్నాడు. డైరెక్టరు నన్నే చూస్తున్నాడు. నేను ఇంగ్లీషులో అన్నాను, "సార్, నాకేమీ అర్థం కాలేదు. ఆయన ఏం చెప్పారో నాకూ చెప్పమనండి."

బుజాంగ్‌నిమ్ చెవులు ఎర్రబడ్డాయి. డైరెక్టరు చెప్పు అన్నట్టు చెయ్యి చూపించాడు. ఆయన పళ్ళెం వంక చూస్తూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పాడు.

"రెండు నెలలు ముందుగా ఇస్తామని ఒప్పుకున్న తప్పు సైటుది కాదు, నాది అని చెప్పాను. క్లయింటు ఏం అడిగాడో నాకు తెలియలేదు. అడగడానికి సిగ్గుపడ్డాను. ఇతనికి కొరియా భాష రాదు అని చెప్పాను. కానీ నాకు ఇంగ్లీషు ఎంత రాదో ఇతనికి మాత్రమే తెలుసు. తెలియనప్పుడు తెలియదని చెప్పే మనిషి నా పక్కన ఒకడు ఉండాలి. అందుకే ఇతన్ని అడిగాను."

నాకు కళ్ళు మసకబారాయి. అంతమాట నా గురించి ఎవరూ అనలేదు. మూడు రోజుల క్రితం వరకూ నాకు ఏమాత్రం తగని మాట అది. ఇరవై ఏడేళ్ళ సర్వీసున్న మనిషి తనకంటే చిన్నవాడైన పై అధికారి ముందు, నా ముందు, తన తప్పు రెండు భాషల్లో ఒప్పుకున్నాడు. రెండోసారి నా కోసమే.

ఉద్యోగం కాగితం పది రోజుల తర్వాత వచ్చింది. అమ్మాయి ఇప్పుడు ఇక్కడే పన్నెండో తరగతి చదువుతోంది. కాగితం చూసి ముగ్గురం వంటింట్లోనే గంతులు వేశాం. కానీ ఆ బుధవారం నాకు అదేమీ తెలియదు. డైరెక్టరు చాప్‌స్టిక్స్ పక్కన పెట్టాడు. కొత్త ప్రాజెక్టు సంగతి పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి, అలవాటు ప్రకారం అడిగే గొంతుతోనే, నీకేమైనా ప్రశ్నలున్నాయా అన్నాడు.

ఉన్నాయండి అన్నాను. మొదటిది అడిగాను. ఆయన చెప్పింది సగమే అర్థమైంది. సగమే అర్థమైంది సార్ అన్నాను. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. బుజాంగ్‌నిమ్ తన కుర్చీ దగ్గరికి లాక్కుని, అది నాకు కూడా చెప్పండి అన్నాడు ఇంగ్లీషులోనే. రెండోది అడిగాను. అన్నం చల్లారిపోయింది. సాయంత్రం నాలుగింటిదాకా అడుగుతూనే ఉన్నాను.